ముంజేతి మీద మూడో గడి

మా తమ్ముడి ఫోను నా దగ్గరే ఉంది. మొదటి నెల దాన్ని ఆపేసి ఉంచాను. తర్వాత ఒక రోజు ఛార్జింగ్ పెట్టాను. అప్పటి నుంచి రోజూ పెడుతున్నాను. ఎందుకని ఎవరైనా అడిగితే చెప్పడానికి సరైన వాక్యం నా దగ్గర లేదు. అందుకని పుస్తకాల బీరువా వెనక, ఎవరికీ కనపడని చోట పెడతాను.

గురువారం సాయంత్రం ఏడో తరగతి సైన్సు పేపర్లు దిద్దుతుంటే అది మోగింది. తెర మీద ‘అబద్ధాల మిషను’ అని ఉంది.

మా తమ్ముడు ఫోనులో ఎవరికీ అసలు పేరు పెట్టుకోలేదు. ‘మెట్లు ఎక్కువ’, ‘టీ బాగుంటుంది’, ‘కుక్క ఉంది జాగ్రత్త’. ఇవన్నీ వాడు పనికి వెళ్ళే చోట్లు. చర్మం డాక్టర్ల దగ్గర మచ్చలూ, మంగూ, అక్కర్లేని వెంట్రుకలూ తీసే లేజరు మిషన్లు ఉంటాయి. వాటిని బాగుచేయడం వాడి పని. నా నంబరు ‘హెడ్మాస్టరు’ అని ఉంది. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో నేను ఏనాడూ హెడ్మాస్టర్ని కాలేదు.

ఫోను ఎత్తాను.

“ఎత్తారా అన్నా. స్విచాఫ్ అని చెప్పే ఆవిడ గొంతు వినీ వినీ నాకు చుట్టమైపోయింది. రేపు ఫోన్ చేసి చెప్తానన్నారు. మీ రేపు ఎప్పుడొస్తుందో ముందే చెప్తే మేం ఆ రోజు సెలవు పెట్టుకుంటాం.”

“నేను వాళ్ళ అక్కనమ్మా,” అన్నాను. “వాడు లేడు. చనిపోయి నెలా పది రోజులైంది.”

 అవతల ఏదో మిషను గాలి ఊదుతున్న చప్పుడు వినపడింది. తర్వాత ఆ అమ్మాయి మెల్లగా, ఏ రోజు అని అడిగింది. బుధవారం పొద్దున అని చెప్పి, తేదీ చెప్పాను.

“అంటే మా దగ్గరికి వచ్చి వెళ్ళిన మర్నాడే,” అంది. “ఇలాంటప్పుడు అడగకూడదు మేడం. కానీ అడగడానికి ఇంకెవరూ లేరు. ఆ మంగళవారం ఆయన మా మిషను బాగుచేశారా, చెయ్యలేదా? మీకేమన్నా చెప్పారా?”

సంగతి ఏమిటో విడమర్చి చెప్పింది. ఆ మిషను తెర మీద పన్నెండు అని చూపిస్తూ పద్నాలుగంత వెలుగు దెబ్బ కొట్టేది. మా తమ్ముడు అది కనిపెట్టి, సరిచేసేదాకా రెండు తగ్గించి వాడుకోమన్నాడు. మంగళవారం సాయంత్రం వాళ్ళు తలుపులు మూసే వేళకి వచ్చాడు. తాళంచెవి అడిగి తీసుకుని ఒక్కడే కూర్చున్నాడు. ఎప్పుడు వెళ్ళాడో ఎవరూ చూడలేదు. తాళంచెవి మాత్రం వాచ్‌మన్ దగ్గర ఉంది, ‘రేపు చెప్తా’ అన్న మాటతో సహా. అప్పటి నుంచి ఆ మిషను మీద గుడ్డ కప్పి ఉంది.

“బాగుచేసుంటే పన్నెండు పెట్టాలి. చెయ్యకపోయుంటే పది పెట్టాలి. ఏది పెట్టాలో తెలీక మా డాక్టరమ్మ ఎవరి మొహం మీదా పెట్టనివ్వడం లేదు,” అంది.

కనుక్కుని చెప్తానన్నాను. ఎవరిని కనుక్కుంటానో నాకే తెలియదు.

ఫోను పెట్టేశాక పేపర్లు ముందుకు సాగలేదు. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న నాది కూడా.

ఆ మంగళవారం రాత్రి వాడు ఇంటికి వచ్చి భోజనానికి కూర్చున్నాడు. ఇంట్లో మేమిద్దరమే. వంటింటి కుళాయి దగ్గర మూత ఒకటి ఉంది, వాడే విప్పి, ఒక్క స్క్రూతో వేలాడదీసి వదిలేశాడు. ఆ పూట నా జాకెట్టు చెయ్యి దానికి పట్టుకుని చిరిగింది. “నలభై ఆరేళ్ళొచ్చాయి. నీ చేత్తో ఒక్క పనైనా పూర్తిగా అయిందిరా?” అన్నాను. “రేపు అక్కా,” అన్నాడు. మంచినీళ్ళకి చెయ్యి చాపితే ముంజేతి మీద మూడు గళ్ళు కనిపించాయి. గోరంత గోరంత నలుచదరాలు, వాటిలో వెంట్రుకలు లేవు. రెండింటికి గోధుమరంగు అంచు ఉంది. మూడోది ఎర్రగా ఉంది. “ఆ గళ్ళేమిటి?” అంటే, “అది నా డైరీలే,” అన్నాడు.

మర్నాడు పొద్దున పళ్ళు తోముకునే బ్రష్షు పట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు. వీధి చివరి డాక్టరుగారు వచ్చి నాడి చూడటానికి వాడి చెయ్యి వెల్లకిలా తిప్పారు. నేను వాడి మొహం చూడలేక చెయ్యి చూశాను. రెండు గళ్ళకి గోధుమరంగు అంచులు అలాగే ఉన్నాయి. మూడో దానిలో ఎరుపు లేదు, అంచూ లేదు. వెంట్రుకలు లేని మామూలు చర్మం. ఆ పూట చూసినవాటిలో నాకు స్పష్టంగా గుర్తున్నది అదొక్కటే.

వాడి పని గురించి నేను వాడితో అన్న ఆఖరి మాట ఒక ప్రశ్న. దానికి జవాబు వినే వీలు లేదని ఊరుకున్నాను. ఇప్పుడు ఎవరో ఫోన్ చేసి అదే ప్రశ్న అడిగారు.

శనివారం ఒంటిపూట బడి. వాడి పనిసంచీ భుజాన వేసుకుని ఆ క్లినిక్కుకి వెళ్ళాను.

బయటి గదిలో రెండు బల్లలు, ఒక నీళ్ళ డబ్బా. గోడ మీద నవ్వుతున్న మొహాల బొమ్మలు, వాటిలో ఒక్కదానికీ చర్మం మీద రంధ్రం కూడా లేదు. బల్ల మీద యాభై దాటిన ఒకావిడ కూర్చుని ఉంది. ఆవిడ కుడి చెంప ఒక రంగు, ఎడమ చెంప ఒక రంగు.

నేను చూడటం ఆవిడ చూసింది. “చూడండి, ఫరవాలేదు. నేను స్కూలు వ్యాను నడుపుతాను. ఇరవై ఏళ్ళు కిటికీ వైపు ఎండ తిన్న చెంప ఇది. నా ఈ పక్క కూర్చుంటే ఒకావిడా, ఆ పక్క కూర్చుంటే ఇంకొకావిడా కనపడుతోంది, ఖర్చు లేకుండా ఇద్దరయ్యారంటాడు మా ఆయన.”

“మరి మీరేమన్నారు?”

“ఇద్దరికీ వండటం నావల్ల కాదు, నువ్వే వండుకోమన్నాను.” తర్వాత గొంతు తగ్గించింది. “మూడుసార్లు కొట్టించుకున్నాను టీచరమ్మా. మెరుగు కనపడే వేళకి ఆ మెకానిక్కు బాబు మిషను విప్పి ఎటో వెళ్ళిపోయాడట. మధ్యలో ఆపితే ఇదిగో, సున్నం సగం వేసిన గోడలా అయింది.”

నేను టీచరునని ఎలా తెలిసిందని అడిగాను. రోజూ నలభైమంది పిల్లల్ని బళ్ళో దింపేదాన్ని, ఆ మాత్రం తెలీదా అంది. ఆ మెకానిక్కు బాబు మా తమ్ముడని నేను చెప్పలేదు. లోపలి నుంచి మిషను ఆపరేటరు, నాకు ఫోన్ చేసిన అమ్మాయే, వచ్చి, “అన్నవాళ్ళ అక్కగారా?” అని అడగడంతో ఆవిడకే తెలిసిపోయింది. ఆవిడ లేచి నా సంచీ అందుకుంది, బరువేమీ లేకపోయినా.

లేజరు గది చిన్నది. కిటికీకి నల్ల కాగితం అంటించారు. అద్దం లేదు. చర్మం బాగుచేసే చోట అద్దం లేకపోవడమేమిటని అడిగాను.

“వెలుగు తగిలి తిరిగి కంట్లోకి కొడుతుంది మేడం. గాజులు కూడా తీయించేస్తాం,” అంది ఆపరేటరు. ఇరవై అయిదేళ్ళుంటాయి. మాట్లాడుతూనే మిషను మీది గుడ్డ తీసి నాలుగు మడతలు పెట్టింది.

మిషను మా స్టాఫ్‌రూములో అల్మరాకి సగం ఉంటుంది. ముందు తెర, పక్కన ఒక లావుపాటి గొట్టం, గొట్టం చివర చేతిలో పట్టుకునే పిడి. డాక్టరమ్మ వచ్చింది. పెద్దావిడ, మాట తక్కువ. నన్ను పలకరించి, ఓదార్పు మాటలేమీ చెప్పకుండా నేరుగా మిషను వెనక్కి తీసుకెళ్ళింది. అందుకు ఆవిడంటే నాకు గౌరవం కలిగింది.

“ఇది చూడండి,” అంది. వెనక మూతకి నాలుగు మూలలా నాలుగు స్క్రూలు ఉండాలి. పైన రెండే ఉన్నాయి. “పని పూర్తయితే మూత పూర్తిగా వేసేవాడు కదా. సగంలో ఆపి, మర్నాడు వద్దామనుకున్నాడని నా అనుమానం. మీ మనసు కష్టపెట్టడానికి చెప్పడం లేదు.”

నేను సంచీ తెరిచాను. స్క్రూడ్రైవర్లు, ఒక బ్రష్షు, కళ్ళకి పెట్టుకునే ముదురుపచ్చ అద్దాలు. అడుగున నల్ల కాగితం పొట్లం. విప్పితే అందులో రెండు స్క్రూలు.

ఇంట్లో వాడు వదిలేసిన మూతలన్నీ ఒక్కసారిగా కళ్ళముందుకు వచ్చాయి. కుళాయి మూత, ఫ్యాను రెగ్యులేటరు మూత, గోడ గడియారం వెనక మూత. నా ప్రశ్నకి జవాబు దొరికినట్టే ఉంది. వెళ్ళిపోయి ఉండేదాన్ని. కానీ పిల్లలకి నేను చెప్పేది ఒకటుంది: మూత చూసి డబ్బాలో ఏముందో రాయకండి.

“కొలిచి చూడలేమా?” అన్నాను.

“కొలిచే పరికరం కంపెనీది. ఆయన పోయాక వాళ్ళు తీసేసుకున్నారు,” అంది ఆపరేటరు. “నిన్న ఫోన్ చేస్తే ఆ మిషను పాతదైపోయింది, కొత్తది తీసుకోండంటున్నారు. నల్ల కాగితం మీద కొట్టి చూశాను. పన్నెండుకీ పద్నాలుక్కీ కంటికి తేడా ఆనదు. కాగితానికి నొప్పి తెలీదు అనేవారు అన్న. అందుకే ఆయన చెయ్యి మీద కొట్టుకునేవారు.”

“చెయ్యి మీద?”

“ముంజేతి మీద. తన మీద కొట్టుకోకుండా మిషను మా చేతికి ఇచ్చేవారు కాదు. పన్నెండు నిజంగా పన్నెండైతే వెంట్రుకల మొదళ్ళు కాస్త ఎర్రబడి, పొద్దుటికి చర్మం మామూలైపోతుంది. పద్నాలుగు పడిందా, అంచు కట్టినట్టు గడి కనపడుతుంది. మర్నాటికి గోధుమరంగుకి తిరిగి వారమైనా ఉంటుంది.”

నేను కుర్చీలో కూర్చున్నాను. వాడి చేతి మీది మూడో గడి గురించి వాళ్ళకి చెప్పాను. పొద్దుటికి అంచు లేదని చెప్పాను.

డాక్టరమ్మ ఆలోచించింది. “అది పన్నెండు దగ్గర కొట్టుకున్నదో, పది దగ్గర కొట్టుకున్నదో మనకి తెలీదు. ఆ రోజు ఇంకో చోట, ఇంకో మిషను మీద కొట్టుకున్నదైనా కావచ్చు.”

ఆవిడ చెప్పింది నిజం. అలాంటి జవాబు పిల్లలెవరైనా రాస్తే నేనూ మార్కులు వేయను.

“అయితే నా చెయ్యి మీద కొట్టండి,” అన్నాను. “వాడిదీ నాదీ ఒకటే రంగు. ఇద్దర్నీ ఒకే మట్టితో చేశానని మా అమ్మ అనేది.”

“టీచరమ్మా, కాలితే?” అంది వ్యాను ఆవిడ గుమ్మంలోంచి.

“కాలితే తెలుస్తుంది.”

డాక్టరమ్మ వెంటనే ఒప్పుకోలేదు. నాకు షుగరుందా, ఏ మందులు వాడుతున్నాను, దెబ్బ తగిలితే మచ్చ ఎన్నాళ్ళుంటుంది, అన్నీ అడిగింది. నా ముంజేతిని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, కాగితం ఒక మూల ఎత్తి ఎండలో చూసింది. వ్యాను ఆవిడ మళ్ళీ అందుకుంది. “ఇంత తతంగమెందుకు డాక్టరమ్మా? భయమైతే తక్కువ పెట్టి నా చెంప మీదే కానివ్వండి.”

“తక్కువైతే ఊరికే రెచ్చగొట్టినట్టవుతుంది. మీ మంగు ఇంకా నల్లబడుతుంది. ఎక్కువైతే కాలుతుంది. తెలీని మిషను మొహం మీద పెట్టను,” అంది డాక్టరమ్మ. తర్వాత నా వైపు తిరిగింది. “ఒక్క దెబ్బ. ముంజెయ్యి లోపలి వైపు.”

ఆపరేటరు తెల్ల పెన్సిలుతో నా చేతి మీద చిన్న నలుచదరం గీసింది. తెల్లదెందుకని అడిగాను. “ఈ వెలుక్కి నలుపంటే ఆకలి మేడం. నల్ల పెన్నుతో గీస్తే చర్మం వదిలేసి గీతని పట్టుకుంటుంది, గీత పొడవునా కాలుతుంది.” ముప్ఫై ఏళ్ళుగా నలుపు వేడిని పీల్చుకుంటుందని బోర్డు మీద రాస్తున్నాను. ఆ పాఠానికి ఇంత మంచి వాక్యం నాకు తట్టలేదు. సోమవారం వాడుకోవాలనుకున్నాను.

కళ్ళద్దాలు పెట్టుకోమన్నారు. సంచీలోవే పెట్టుకున్నాను. ఎలాస్టిక్కు వదులైతే వాడు వెనక ముడి వేసుకున్నాడు. ఆ ముడి నాకు సరిగ్గా సరిపోయింది.

గది పచ్చగా మారింది. ఆపరేటరు పిడిని నా చేతి మీద ఆనించింది. తెర మీది అంకె పైకి చదివింది. “పన్నెండు.”

టిక్కుమంది, అంతే. ఎలా ఉందని వ్యాను ఆవిడ అడిగింది. రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టుంటుందని అందరూ అంటారట. నాకు అలా అనిపించలేదు. ఆవగింజంత నిప్పురవ్వ పడి, పడ్డ క్షణంలోనే ఆరిపోయినట్టుంది.

తర్వాత వాసన వచ్చింది, వెంట్రుక కాలిన వాసన. అది నాకు తెలుసు. రోజూ సాయంత్రం వాడు చెప్పులు విప్పుతుంటే చొక్కా చేతుల్లోంచి వచ్చేది. ఇన్నేళ్ళూ అది మిషన్ల వాసన అనుకున్నాను. వాడి వాసనే అది. అద్దాలు తియ్యడానికి కొంచెం సమయం తీసుకున్నాను. ఎవరూ తొందరపెట్టలేదు.

చేతి మీద గడి ఎర్రగా ఉంది. అంచు ఉందా లేదా అని నలుగురం తలలు ఆనించి చూశాం.

“ఉన్నట్టే ఉంది,” అంది వ్యాను ఆవిడ.

“లేదు,” అంది ఆపరేటరు.

“ఇప్పుడు తెలీదు,” అంది డాక్టరమ్మ. “రేపు పొద్దున చూడాలి.”

ఆ రాత్రి చేతి మీద దుప్పటి పడకుండా పడుకున్నాను. తెల్లవారాక లేచి ముందు మొహం కడుక్కున్నాను, టీ పెట్టుకున్నాను. ఫలితం తెలుసుకోవడానికి తొందరపడే పిల్లల్ని నేను మందలిస్తాను. టీ సగం తాగాక వంటింటి కిటికీ దగ్గరికి వెళ్ళి చెయ్యి వెలుగులో పెట్టాను.

ఎరుపు లేదు. అంచు లేదు. వేలితో రాసి చూశాను, వెంట్రుకలు లేని మామూలు చర్మం. ఒక బుధవారం పొద్దున వెల్లకిలా తిప్పిన చేతి మీద నేను చూసినది ఇదే.

వాడు బాగుచేశాడు. చేసి, పన్నెండు పెట్టి, తన చేతి మీద కొట్టుకుని, ఇంటికి వచ్చాడు. మూత ఎందుకు వేయలేదో కూడా అక్కడ నిలబడి ఉండగానే తెలిసింది. రాత్రి ఎర్రగా ఉన్న గడి పొద్దుటికి ఏమంటుందో చూడందే వాడు మూత వేయడు. మళ్ళీ విప్పాల్సి రావచ్చు కదా. నాకు ఒక రాత్రి ఆగవలసి వచ్చినట్టే వాడికీ ఆగవలసి వచ్చింది. నేను వాయిదా అనుకున్న ‘రేపు’, ఆ ఒక్క పనిలోనైనా, పనిలో భాగం.

కుళాయి సంగతి వేరు. కుళాయి మూత ఆరేళ్ళుగా అలాగే వేలాడుతోంది. దాని తరఫున ఏ చర్మమూ సాక్ష్యం చెప్పదు.

ఆదివారం పొద్దున క్లినిక్కు ఒక పూట తెరిచి ఉంటుంది. నేను వెళ్ళేసరికి వ్యాను ఆవిడ నాకంటే ముందే వచ్చి, లేజరు గదిలో కుర్చీ ఎక్కి వెనక్కి వాలి ఉంది. “ముందు చెయ్యి చూపించండి టీచరమ్మా. మా ఆయన ఏ చెంపకి వీడ్కోలు చెప్పాలో కనుక్కోమన్నాడు.”

డాక్టరమ్మ భూతద్దం తీయబోయి, నా చెయ్యి చూసి, మళ్ళీ జేబులో పెట్టుకుంది. “ముంజేతి కంకణానికి అద్దమెందుకు,” అంది. కొంచెంసేపు ఆ చెయ్యి వదల్లేదు. “నిన్న మూత చూసి అన్నాను, సగంలో వదిలేశాడని. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.”

“నేనూ అదే అన్నానండీ, వాడితో,” అన్నాను. అంతకంటే చెప్పలేదు.

ఆపరేటరు అమ్మాయి స్క్రూల పొట్లం నా చేతిలో పెట్టింది. “ఆ మూత మీరే వేసెయ్యండి అక్కా.” నిన్నటిదాకా మేడం అంది.

మిషను వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాను. మూడో స్క్రూ సాఫీగా లోపలికి వెళ్ళింది. నాలుగోది తిరుగుతోంది గానీ పట్టడం లేదు. తీసి మళ్ళీ పెట్టాను. మళ్ళీ ఊరికే తిరిగింది.

“ఏమైంది?” అంది వ్యాను ఆవిడ కుర్చీలోంచి.

“మరలు అరిగిపోయాయి.”

“అది ఎప్పుడూ అంతే,” అంది ఆపరేటరు, పక్కకి వచ్చి వంగి. “అన్న దానికి కాస్త కాగితం చుట్టి బిగించేవారు. ఏ కాగితం పడితే అది కాదు, నల్లదే, దళసరిది. చిన్న ముక్క చించి...”

ఇద్దరం ఒకేసారి పొట్లం వైపు చూశాం. స్క్రూలు చుట్టి పెట్టిన కాగితం నేల మీద ఉంది. నల్లది, దళసరిది. ఒక మూల అప్పటికే చించి, మడిచి, అలాగే ఉంచి ఉంది.

ఆ ముక్క తీసి స్క్రూకి చుట్టాను. రెండు చుట్లు సరిగ్గా వచ్చాయి. పెట్టి తిప్పాను. మొదట వదులుగా, తర్వాత బిగువుగా, తర్వాత ఇంక తిరగలేదు.

“అయిందా టీచరమ్మా?” అంది వ్యాను ఆవిడ.

స్క్రూడ్రైవరు తీసి, మూత మీద చెయ్యి వేసి నాలుగు మూలలా నొక్కి చూశాను.

“అయింది,” అన్నాను.